ప్యాలెస్ ఆన్ వీల్స్‌లో మనవరాలితో, మేనల్లుడితో: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చలికాలపు లగ్జరీ రైళ్ల గురించే. ఇంట్లో ఒక పెద్ద, ఒక చిన్న, ఇద్దరే కలిసి వెళ్లాలనుకునేవారి ప్రశ్నలను ఏరి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. కొడుకు కూతురు ఆరో తరగతి చదువుతోంది. సంక్రాంతి సెలవుల్లో దాన్ని తీసుకుని ప్యాలెస్ ఆన్ వీల్స్ ఎక్కాలని ఉంది. వారం రోజులు ఇద్దరం తట్టుకోగలమా? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

తట్టుకోగలరమ్మా. కాకపోతే వాళ్లు చూపించినవన్నీ చూసి తీరాలన్న పట్టు వదిలేయాలి.

1982 జనవరి 26న మొదలైన ఈ రాజస్థాన్ లగ్జరీ బండి ఎండాకాలంలో తిరగదు. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకానే నడుస్తుంది. బుధవారం సాయంత్రం ఢిల్లీలో సఫ్దర్‌జంగ్ స్టేషన్‌లో ఎక్కితే, ఏడు రాత్రుల తర్వాత మళ్లీ బుధవారం పొద్దున అక్కడే దింపుతుంది. మామూలుగా గురువారం జైపూర్, శుక్రవారం ఉదయం సవాయి మాధోపూర్‌లో దిగి రణథంబోర్ అడవి, అదే రోజు సాయంత్రం చిత్తోర్‌గఢ్, శనివారం ఉదయ్‌పూర్, ఆదివారం జైసల్మేర్, సోమవారం జోధ్‌పూర్, మంగళవారం భరత్‌పూర్, ఆగ్రా. ఈ జాబితాలో ఒక సంగతి దాగి ఉంది. బండి ఎక్కువగా రాత్రిళ్లే నడుస్తుంది, పగలంతా మీరు ఊళ్లలో బస్సు ఎక్కుతూ దిగుతూ ఉంటారు. కిటికీ పక్కన కూర్చుని వారమంతా పొలాలు చూస్తూ గడపొచ్చనుకుంటే నిరాశే.

రెండు రోజులు బరువైనవి. శుక్రవారం తెల్లవారకముందే లేపుతారు, చలిలో ఓపెన్ జీపులో సఫారీ, మధ్యాహ్నం దాకా ప్రయాణం, మళ్లీ చిత్తోర్ కోట. ఆ కోట సుమారు 280 హెక్టార్లు. లోపల ఒక కట్టడం నుంచి ఇంకో కట్టడానికి వాహనంలోనే తిప్పుతారు గానీ దిగి నడిచే దూరమూ తక్కువేం కాదు. మంగళవారం పొద్దున్నే భరత్‌పూర్ పక్షులు, ఆ తర్వాత తాజ్‌మహల్, రాత్రికి ఢిల్లీ దారి. ఈ రెండు రోజుల్లో మధ్యాహ్నం దొరికిన గంటన్నర కచ్చితంగా పడుకోండి, మనవరాలినీ పడుకోబెట్టండి. ఉదయ్‌పూర్‌లో షాపింగ్ ఎగ్గొట్టినా నష్టం లేదు. చిత్తోర్‌లో కాళ్లు లాగితే విజయస్తంభం దగ్గర ఒక్కచోట దిగి, తక్కినది బస్సులోంచి చూడండి. రాణా కుంభా 15వ శతాబ్దంలో కట్టించిన తొమ్మిది అంతస్తుల స్తంభం అది, కింద నిలబడి చూసినా తృప్తి కలుగుతుంది.

ఇక సెలవుల లెక్క. ఏడు రాత్రులు బండిలో, ముందు ఒక రోజు ఢిల్లీలో, తిరుగు ప్రయాణానికి ఇంకో రోజు. పది రోజులు చేతిలో ఉండాలి. సంక్రాంతి ఏ వారం పడినా బండి కదిలేది బుధవారమే కాబట్టి బడి సెలవులకూ దీనికీ పొంతన కుదరడం తక్కువ. పైగా భోగి, సంక్రాంతి, కనుమ బండిలోనే గడిచిపోతాయి. ఇంట్లోవాళ్లు అందుకు ఒప్పుకుంటారో లేదో ముందే తేల్చుకోండి. జనవరి 14 గురువారం పడిన ఏడాది మాత్రం లాభమే. ఆ రోజు జైపూర్‌లో మేడలన్నీ గాలిపటాలే.

పది రోజులు దొరకకపోతే ఇలాంటిదే ఇంకో లగ్జరీ రైలు మహారాజాస్ ఎక్స్‌ప్రెస్ వాళ్ల ‘ట్రెజర్స్ ఆఫ్ ఇండియా’ యాత్ర చూడండి. మూడు రాత్రులు, నాలుగు రోజులు. ఢిల్లీ, ఆగ్రా, రణథంబోర్, జైపూర్, మళ్లీ ఢిల్లీ. పదకొండేళ్ల పిల్లకూ అరవై ఆరేళ్ల నానమ్మకూ అదే సరైన కొలత అని మా అభిప్రాయం. జైసల్మేర్ పోతుంది, నిజమే. ఇంకోసారి విడిగా వెళ్లండి.

ప్రశ్న: జనవరిలో పొగమంచుతో రైళ్లు ఆలస్యమవుతాయంటారు. ఈ బండీ అంతేనా? (రాజమహేంద్రవరం)

పట్టాలు అందరికీ అవే, పొగమంచూ అందరికీ అదే. డిసెంబరు చివరి వారం నుంచి జనవరి నెలాఖరు దాకా ఢిల్లీ, ఆగ్రా, భరత్‌పూర్ మధ్య పొగమంచు దట్టంగా దిగుతుంది. సిగ్నల్ కనిపించకపోతే డ్రైవరు వేగం తగ్గించక తప్పదు. ముందు వెళ్లే బండి నెమ్మదిస్తే వెనకవన్నీ నిలుస్తాయి. రాజస్థాన్ పడమటి వైపు, అంటే జైసల్మేర్, జోధ్‌పూర్‌లలో ఈ బెడద చాలా తక్కువ. అందుకే ఇబ్బంది ఎక్కువగా చివరి రెండు రోజుల్లో వస్తుంది.

మీరు చేయవలసినవి మూడు. ఒకటి, హైదరాబాద్ నుంచి గానీ విజయవాడ నుంచి గానీ బుధవారం పొద్దున ఢిల్లీ చేరే ఏర్పాటు పెట్టుకోవద్దు. మంగళవారమే చేరండి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కు మామూలు రోజుల్లోనే ఒక పగలూ రాత్రీ మించి పడుతుంది, మంచు రోజుల్లో దాని మీద ఎన్ని గంటలు కలుస్తాయో చెప్పలేం. రెండు, తిరుగు విమానం బుధవారం సాయంత్రం నాలుగు తర్వాతే తీసుకోండి. ఉదయపు విమానాలు చవకగా కనిపిస్తాయి గానీ, ఢిల్లీలో మంచుకు మొదట ఆలస్యమయ్యేవీ అవే. మూడు, టాక్సీ అతనికి ‘సఫ్దర్‌జంగ్ రైల్వే స్టేషన్, మోతీ బాగ్ దగ్గర’ అని పూర్తిగా చెప్పండి. వట్టి సఫ్దర్‌జంగ్ అంటే పెద్దాసుపత్రి ముందు దింపేస్తారు.

మంచు లేని ప్రయాణం కావాలంటే ఫిబ్రవరి మధ్య వారాలు మేలు. పగలు ఎండ హాయిగా ఉంటుంది, రాత్రి చలీ మిగిలి ఉంటుంది. పదో తరగతి, ఇంటర్ పిల్లలకు పరీక్షలు దగ్గర పడేది అప్పుడే కాబట్టి అది చిన్న తరగతుల పిల్లలకే వీలు.

ప్రశ్న: మా మేనల్లుడికి 16. వాళ్ల అమ్మానాన్నలు రావడం లేదు, నేనే తీసుకెళ్తున్నాను. ఒకే గది తీసుకోవచ్చా? కాగితాలు ఏమేం కావాలి? వాడికి విసుగొస్తుందేమో? (హనుమకొండ నుంచి మేనమామ)

ఒకే గది తీసుకోండి. బుక్ చేసేటప్పుడే రెండు విడి మంచాల గది అని రాయించుకోండి. ఆ మాట చెప్పకపోతే జంటలకిచ్చే పెద్ద మంచం గది మీ పేరున పడుతుంది, బండి ఎక్కాక మార్చడానికి ఖాళీ గది దొరకదు. మీరు ఒక్కరే వెళ్తే ఒంటరి గదికి అదనపు రుసుము పడుతుంది. అబ్బాయి తోడుంటే అది మిగులుతుంది.

గది ఎంపికలో ఇంకో కిటుకు. బోగీ చివరి గదులు చక్రాల మీద పడతాయి, కుదుపూ చప్పుడూ అక్కడే ఎక్కువ. నిద్ర పలచగా పట్టేవారు మధ్య గది అడగాలి. అడిగినవాళ్లకే ఇస్తారు.

పిల్లల చార్జీ విషయంలో చాలామంది మోసపోయామనుకుంటారు. మోసం కాదు, సరిగ్గా చదవకపోవడం. ఈ రైళ్లలో మామూలుగా 5 నుంచి 12 ఏళ్లలోపు వారికి సగం చార్జీ రాయితీ ఉంటుంది. మీ అబ్బాయి ఆ వయసు దాటేశాడు, పూర్తి చార్జీయే. మొదటి ఉత్తరంలోని మనవరాలిలాంటి పిల్లల విషయంలో అడగవలసిన ప్రశ్న ఇది: ‘ఒక పెద్ద, ఒక పిల్ల మాత్రమే ఒక గదిలో ఉంటే పిల్లను రెండో పెద్దమనిషిగా లెక్కేస్తారా?’ రాయితీ ఇద్దరు పెద్దలతో పాటు ఉండే మూడో మనిషికే అని తర్వాత తేలితే బడ్జెట్ తలకిందులవుతుంది. జవాబు ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో తీసుకోండి.

కాగితాలు: ఇద్దరి ఆధార్ అసలు కార్డులు, రణథంబోర్ సఫారీ కోసం బుకింగ్‌లో ఇచ్చిన గుర్తింపు కార్డే. బుకింగ్‌లో పాస్‌పోర్టు నంబరిచ్చి గేటు దగ్గర ఆధార్ చూపిస్తే చిక్కు. అమ్మానాన్నలు ఇద్దరూ సంతకం చేసిన అనుమతి పత్రం ఇంగ్లీషులో రాయించండి. అబ్బాయి పేరు, పుట్టిన తేదీ, మీ పేరు, బంధుత్వం, వెళ్లే తేదీలు, అత్యవసరమైతే వైద్యానికి మీరు సమ్మతి ఇవ్వొచ్చన్న ఒక వాక్యం. వాళ్ల ఆధార్ కాపీలు జత చేయండి. రోజూ ఎవరూ అడగరు, ఆసుపత్రిలో మాత్రం మొదట అడిగేది ఇదే. మేనమామ ఇంటిపేరు, మేనల్లుడి ఇంటిపేరు వేరుగా ఉంటాయి కాబట్టి మీకు ఈ పత్రం మరీ అవసరం.

అబ్బాయికి విసుగొస్తుందేమోనని అడిగారు. తోటి ప్రయాణికుల్లో ఎక్కువమంది పెద్దవయసువాళ్లే ఉంటారు, విసుగు వస్తుంది. జైపూర్‌లో పాతకాలపు ఖగోళ పరిశీలనశాల జంతర్ మంతర్‌లో అతనికి ఒక పని పెట్టండి. అక్కడి సామ్రాట్ యంత్రం 27 మీటర్ల ఎత్తున్న ఎండ గడియారం. నీడ చూపే సమయాన్ని చేతి గడియారంతో పోల్చమనండి. జనవరి మధ్యలో సుమారు 36 నిమిషాలు వెనక ఉంటుంది. అందులో 27 నిమిషాలు ఊరి స్థానం వల్ల. మన గడియారం నడిచేది కాకినాడ దాపున పోయే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన, జైపూర్ ఉన్నది 75.8 దగ్గర, డిగ్రీకి నాలుగు నిమిషాలు. మిగతా తొమ్మిది నిమిషాలు భూమి కక్ష్య, వంపుల వల్ల. గైడ్ ఈ తేడా సర్దే పట్టిక చూపిస్తే చూపిస్తాడు, అబ్బాయే లెక్క కట్టి చెబితే ఇంకా బాగుంటుంది. మబ్బు పడితే మాత్రం ఏమీ కనపడదు.

ప్రశ్న: విశాఖలో చలి తెలియనివాళ్లం. నాకూ మా తమ్ముడి కూతురికీ (9 ఏళ్లు) ఏ బట్టలు ఎన్ని సర్దాలి?

జైసల్మేర్‌లో జనవరి పగలు 23, 24 డిగ్రీలు, తెల్లవారుజామున 7, 8. ఒకే రోజులో ఇంత తేడా ఉంటుంది కాబట్టి మందపాటి కోటు ఒక్కటీ కాకుండా విప్పుకోవడానికి వీలైన పొరలు కావాలి. మనిషికి రెండు జతల థర్మల్స్, ఒక ఊలు స్వెట్టర్, గాలి చొరబడని జిప్ జాకెట్ ఒకటి, ఐదు జతల సాక్సులు, ఒక మంకీ క్యాప్, చేతి తొడుగులు. మేనత్తకు ఒక శాలువా అదనం. బండిలో గదులు వెచ్చగానే ఉంటాయి, రాత్రికి పలచని నూలు బట్టలు చాలు.

అసలు చలి సఫారీలో. ఆరేడు డిగ్రీల్లో టాపులేని జీపు గంటకు ముప్పై, నలభై కిలోమీటర్ల వేగంతో గేటు దాకా పోతుంటే గాలికి ముఖం మొద్దుబారుతుంది. పిల్లలు ఏడ్చేది పులి కనపడలేదని కాదు, వేళ్లు నొప్పి పుట్టి. గదిలోని రగ్గు ఒకటి తీసుకెళ్లవచ్చా అని సహాయకుణ్ణి ముందు రోజు రాత్రే అడగండి. ప్యాలెస్ ఆన్ వీల్స్‌లో అతన్ని ఖిద్మత్‌గార్ అంటారు, బోగీలో ఏం కావాలన్నా అతనితోనే పని. పిల్లను జీపులో మధ్య సీట్లో కూర్చోబెట్టండి, చివర వద్దు. ఎర్రటి, మెరిసే జాకెట్లు మానేసి ఖాకీ, ఆకుపచ్చ, బూడిద రంగులు తొడగండి. ఆరుగురు పట్టే జిప్సీ, ఇరవై మంది పట్టే క్యాంటర్, రెండూ ఉంటాయి. క్యాంటర్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి పిల్లలకు బాగా కనపడుతుంది, కుదుపు మాత్రం ఎక్కువ. పులి కనపడుతుందని మాట ఇవ్వకండి. అడుగుజాడ చూసినా గొప్పే అని ముందే చెప్పి ఉంచితే పేచీ ఉండదు.

భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కుకు బైనాక్యులర్ పట్టుకెళ్లండి. పెద్దవారికి 8x42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.), తొమ్మిదేళ్ల చేతులకు 8x25 తేలిక. అక్కడ సైకిల్ రిక్షాలో తిప్పుతారు, తొక్కేవాళ్లే పక్షుల పేర్లు చెబుతారు. మంచు దట్టంగా ఉన్న పొద్దున పక్షులు మసకగానే కనిపిస్తాయి, రిక్షా అతన్ని నెమ్మదిగా పోనిచ్చి దగ్గరగా ఉన్న కొంగల గూళ్ల వైపు తిప్పమనండి.

సామాను విషయం ఒకటి. గదిలో పెట్టెలకు జాగా తక్కువ. పెద్ద గట్టి సూట్‌కేసు మంచం కింద పట్టదు, వారమంతా దాన్ని దాటుకుంటూ తిరగాలి. నొక్కితే ఒదిగే మెత్తటి బ్యాగులు రెండు చాలు. పెదవులకు వ్యాజలీన్, ఎడారి గాలికి పగిలే చర్మానికి కొబ్బరినూనె మరవద్దు.

స్నానం బండి ఆగి ఉన్నప్పుడే చేయండి. నడుస్తుంటే తడి నేల మీద కాలు జారుతుంది, వేడినీళ్లూ మగ్గు కొద్దీ అయిపోతాయి. ఇద్దరి మధ్య అరగంట ఎడం ఉంచితే నీళ్లు మళ్లీ కాగుతాయి.

ప్రశ్న: నాకు మోకాళ్ల నొప్పులు. కోటలు ఎక్కలేను. పిల్లవాణ్ణి ఒక్కణ్ణే గైడ్‌తో పంపొచ్చా?

జోధ్‌పూర్ మెహరాన్‌గఢ్‌లో లిఫ్ట్ ఉంది, టిక్కెట్టు తీసుకుని పైదాకా పోవచ్చు. జైపూర్ దగ్గరి ఆమేర్ కోటకు జీపు వెళ్తుంది, ఏనుగు ఎక్కనవసరం లేదు. ఉదయ్‌పూర్ సిటీ ప్యాలెస్‌లో మెట్లు ఇరుకు, ఒకసారి వరసలో పడితే వెనక్కి తిరగలేరు. అక్కడ కింది ఆవరణలోనే ఆగిపోండి. జైసల్మేర్ కోట దారి ఏటవాలు రాయి, అరిగి నున్నబడింది. రబ్బరు అట్ట బూట్లు తప్పనిసరి. ఆ కోట లోపల ఇప్పటికీ జనం కాపురాలుంటారు, మోటారు బైకులు తిరుగుతాయి, పిల్లల చేయి వదలకండి.

పన్నెండేళ్లు దాటినవాణ్ణి గుంపుతో, గైడ్ కళ్ల ముందు పంపవచ్చు. బస్సు నంబరు, గైడ్ ఫోను నంబరు చీటీ మీద రాసి జేబులో పెట్టండి. ఫోనులో ఛార్జి అయిపోవచ్చు, చీటీకి ఆ బాధ లేదు.

ప్రశ్న: డాలస్ నుంచి వచ్చే మా మనవడు అమెరికా పౌరుడు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉంది. వేరే రేటా?

కోటలు, అడవుల ప్రవేశ రుసుముల్లో ఓసీఐ వారిని భారతీయులతో సమానంగా చూడాలని కేంద్రం 2021లో ఉత్తర్వు ఇచ్చింది. బండి ప్యాకేజీలో ప్రవేశాలు కలిసే ఉంటాయి గానీ, ప్యాకేజీకే భారతీయుల రేటు, విదేశీయుల రేటు విడిగా ఉన్నప్పుడు మనవణ్ణి ఏ పట్టికలో చూస్తారో బుకింగ్‌కు ముందే రాతలో తేల్చుకోండి. పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు అసలువే తేవాలి. తల్లిదండ్రుల అనుమతి పత్రాన్ని అక్కడే నోటరీ చేయించి పంపమనండి. దిగిన మర్నాడే బండి ఎక్కించకండి. మూడు రోజులు ఇంట్లో పడుకుని లేచాక వెళితే నిద్రవేళలు కుదురుతాయి.

ప్రశ్న: మేం శాకాహారులం. అన్నం లేకపోతే నాకూ మా మనవడికీ ముద్ద దిగదు. (తెనాలి)

అన్నం పెడతారు, బాస్మతి. పప్పుతో గోధుమ ఉండలు, తీపి పొడి కలిపిన దాల్ బాటీ చూర్మా, శనగపిండి ముక్కల గట్టే కూర, ఎడారి కాయలతో చేసే కేర్ సాంగ్రీ తరచూ కనిపిస్తాయి. బాటీ, అంటే ఆ గోధుమ ఉండ, నేతిలో ముంచి పెడతారు, మొదటి రోజే రెండు తింటే పిల్లవాడి కడుపు మర్నాటి సఫారీలో అడ్డం తిరుగుతుంది. రాత్రికి పెరుగన్నం కావాలని మొదటి రోజే వంటవాళ్లకు చెప్పండి, చేసిపెడతారు. కందిపొడి, ఆవకాయ చిన్న సీసాలు తీసుకెళ్లండి. విమానంలో ఆవకాయ చేతిసంచిలో పెట్టొద్దు, రెండు కవర్లలో చుట్టి చెక్-ఇన్ పెట్టెలో వేయండి. మధ్యాహ్న భోజనం చాలాసార్లు ఊళ్లో హోటల్లో ఉంటుంది. అక్కడ కోసి ఉంచిన పండ్లు, ఐసు పిల్లలకు వద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆరు, జ్వరం మందు, వాంతుల మాత్రలు డాక్టరును అడిగి వెంట ఉంచుకోండి.

ప్రశ్న: టిక్కెట్టు కాక చేతిలో ఎంత ఉంచుకోవాలి?

గది, భోజనం, బస్సులు, గైడ్లు, ప్రవేశాలు ప్యాకేజీలోవే. మద్యం, లాండ్రీ, టిప్పులు, పన్ను విడి. టిప్పు ఎవరికీ విడివిడిగా ఇవ్వనక్కర్లేదు, చివర్లో సిబ్బంది అందరికీ కలిపి పెట్టె పెడతారు. మీ ఖిద్మత్‌గార్‌కు మాత్రం చేతికివ్వండి. ఎక్కువ డబ్బు పోయేది దుకాణాల దగ్గర. తివాచీలు, రత్నాలు, రజాయిలు అమ్మే చోట బస్సు ఆపుతారు. కొనితీరాలన్న నియమమేమీ లేదు, బస్సులో కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. పిల్లలకు రోజుకింత అని చేతిఖర్చు ఇచ్చేస్తే బేరాలు వాళ్లే నేర్చుకుంటారు. రత్నాలు మాత్రం ఎవరూ కొనకండి.

ప్రశ్న: మావాడికి రైలంటే ప్రాణం. ఎనిమిదేళ్లు. ఇంత ఖర్చు పెట్టడం సబబేనా? (అనకాపల్లి నుంచి తాతయ్య)

సబబు కాదండీ. రైలంటే ప్రాణం ఉన్నవాడికి రైలు నడుస్తున్నప్పుడు మెలకువగా ఉండాలి, ఈ బండి అతను నిద్రపోయాక నడుస్తుంది. రాజస్థానే చూపించాలంటే ఢిల్లీ నుంచి జైపూర్‌కు వందేభారత్, నిజాముద్దీన్ నుంచి ఆగ్రాకు గంటా నలభై నిమిషాల గతిమాన్ ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. బయలుదేరే వేళ చూసుకుని పగలు నడిచేదే ఎంచుకోండి.

మీ ఊరికి దగ్గర్లోనే విశాఖ నుంచి కిరండూల్ వైపు పోయే పాసింజరు ఉంది. దానికి విస్టాడోమ్ బోగీ తగిలిస్తారు. పైకప్పులో అద్దాలు, ఎటైనా తిరిగే కుర్చీలు. అరకు దాకా నాలుగు గంటల చిల్లర, దారిలో వరసగా సొరంగాలు. డిసెంబరు, జనవరి ఆదివారాలకు సీట్లు ముందే నిండిపోతాయి, మంగళవారం, బుధవారం చూడండి. కుర్రాడికి టార్చిలైటు, పెన్సిలు, కాగితం ఇచ్చి సొరంగాలు లెక్కపెట్టమనండి. కప్పు అద్దంలోంచి ఎండ నేరుగా పడుతుంది, టోపీ పెట్టండి. తిరుగు ప్రయాణం అదే బండిలో వద్దు, శీతకాలం పొద్దు త్వరగా గుంకుతుంది, లోయ చీకట్లో పోతుంది. బొర్రా గుహలు చూసుకుని అనంతగిరి ఘాట్ మీదుగా పగలే కారులో దిగండి. ఘాట్ మలుపుల్లో వాంతులయ్యే పిల్లవాడైతే భోజనం దిగాకే పెట్టండి.